మనియార్డరు రసీదు నుంచి మొబైల్ పద్దు దాకా

 కోల్‌కతాలో ఖిదిర్‌పూర్‌కు దగ్గర్లోనే, హుగ్లీ ఒడ్డున గార్డెన్‌రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. ఒకప్పుడది బెంగాల్ నాగపూర్ రైల్వేది, మనవాళ్ల నోట బీఎన్నార్. వాల్తేరు డివిజన్ 2003 వరకూ గార్డెన్‌రీచ్ కిందే నడిచింది. అందుకే ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎందరో ఖరగ్‌పూర్‌కూ కలకత్తాకూ ఉద్యోగాలకు వెళ్లారు.

జీతం చేతికొస్తే ఇంటికి మనియార్డరు కట్టేవారు. మన దేశంలో తపాలా శాఖ ఆ సేవను 1880లో మొదలుపెట్టింది. ఫారంలో ఒక ముక్క మీద క్షేమసమాచారం రాసుకునే కాస్త చోటుండేది. మరో ముక్క రసీదు. ఊళ్లో డబ్బు అందుకున్నవాళ్లు సంతకమో వేలిముద్రో వేస్తే అది తిరిగి పంపినవాళ్లకు చేరేది. చిట్టాలో ఖర్చు రాసేసినా, ఆ రసీదు వచ్చేదాకా పద్దు తేలనట్టే.

దాచుకోవడానికి పోస్టాఫీసు పొదుపు ఖాతాలు 1882లో వచ్చాయి గానీ, మొదట్లో కలకత్తా, హౌరాలకు ఆ సౌకర్యం ఇవ్వలేదు.

చిట్టా పుస్తకాల కాలం తర్వాత, సొంత లెక్కలను కంప్యూటర్‌కెక్కించే అలవాటును వ్యాప్తిచేసిన ఘనత ప్రధానంగా అమెరికాలోని ఇంట్యూట్‌ది. 1983లో స్కాట్ కుక్, టామ్ ప్రూ ఆ సంస్థ పెట్టి క్వికెన్ తెచ్చారు. మైక్రోసాఫ్ట్ మనీ 1991లో వచ్చి 2009లో అమ్మకాలు ఆపేసింది. ఇక్కడ దుకాణాల లెక్కలకు 1986లో పుట్టిన ట్యాలీ స్థిరపడింది. కలకత్తాకైతే కంప్యూటర్‌తో పాత పేచీయే ఉంది: 1960లలో ఎల్‌ఐసీ తేబోయిన యంత్రాన్ని ఉద్యోగులు ఇలాకో హౌస్ దగ్గర రాత్రింబవళ్లు కాపలా కాసి అడ్డుకున్నారు. ఉద్యోగాలు పోతాయన్న ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

ఉచితంగా దొరికే గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిస్తే ప్రతి పద్దు పక్కనా ఓ చిన్న అక్షరం కనిపిస్తుంది. కొత్తగా రాసినదానికి ‘ఎన్’, బ్యాంకులో చెల్లినట్టు తెలిసినదానికి ‘సి’, స్టేట్‌మెంటుతో సరిచూసి ముగించినదానికి ‘వై’. మనియార్డరు రసీదు చేసిన పనే ఇదీ. జమకూ ఖర్చుకూ రెండు వైపులా రాసే పద్ధతిని లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చువేయించాడు. ఈ సాఫ్ట్‌వేర్ నేటికీ ఆ పద్ధతిమీదే నడుస్తోంది.

2016లో యూపీఐ వచ్చాక చిల్లర ఖర్చులు కూడా స్టేట్‌మెంటుకెక్కాయి. 2021 నుంచి అకౌంట్ అగ్రిగేటర్ల ద్వారా, మన అనుమతితో, వేర్వేరు బ్యాంకుల వివరాలు ఒకేచోట చూసే వీలూ కలిగింది. దీంతో ఇక లెక్క రాయనక్కర్లేదని చాలామంది అనుకుంటున్నారు. నేనొప్పుకోను. కిరాణా కొట్టుకు 2,000 వెళ్లిందని బ్యాంకు చెబుతుంది. అందులో సరుకులకెంత, పాత బాకీకెంత అన్నది మనం రాస్తేనే ఉంటుంది. బ్యాంకు వేసిన తప్పుడు కోత బయటపడాలన్నా మన చేతి లెక్క విడిగా ఉండాలి.

బీఎన్నార్ కాలపు జమాఖర్చు పుస్తకాలు, మనియార్డరు రసీదులు మీ ఇళ్లలో ఉంటే దయచేసి తూకానికి వేయకండి. కనీసం ఫొటోలు తీసి, ఏ ఊరివో, ఏ ఏడాదివో రాసి దాచండి.