కొబ్బరికి తండ్రి ఎవరు?

కోనసీమలో విత్తన కాయ ఎంపిక తరతరాలుగా తల్లి చెట్టును చూసే జరిగింది. ఏటా తప్పకుండా కాసే చెట్టు, పొట్టి మట్టలు, గట్టి గెల కాడ, మధ్య వయసు, గొడుగులా పరచుకున్న తల. ఇన్నీ చూసుకుని, బాగా ముదిరిన కాయలు దింపించి, నారుమడిలో పాతి, ముందుగా మొలిచిన బలమైన మొక్కలనే తోటకు తెచ్చుకునేవారు. అనుభవంతో రాటుతేలిన పద్ధతి ఇది. ఇప్పటికీ దీన్ని కాదనే శాస్త్రవేత్త లేడు. అయినా ఒకే చెట్టు కాయల నుంచి వచ్చిన మొక్కల్లో ఒకటి విరగకాస్తే పక్కది బొటాబొటిగా కాసేది. నేల అదే, నీరు అదే, ఎరువూ అదే. రైతు చూపులో లోపం లేదు, కానీ ఆయనకు కనిపించింది సగమే. మిగతా సగం పుప్పొడిలో వస్తుంది. అది ఏ తోటలోని ఏ చెట్టుదో ఎవరికీ తెలియదు.

దీనికి కారణం పూతలోనే ఉంది. దేశవాళీ పొడుగు చెట్టు పూగుత్తిలో మగపూలు ముందుగా విచ్చుకుని, సుమారు మూడు వారాల్లో రాలిపోతాయి. ఆ తర్వాతే ఆడపూలు సిద్ధమవుతాయి. సొంత పుప్పొడి అప్పటికి అయిపోయి ఉంటుంది కాబట్టి, గాలి, తేనెటీగలు మోసుకొచ్చిన పరాయి పుప్పొడే దిక్కు. పొట్టి రకాల్లో ఈ రెండు దశలూ చాలావరకు కలిసి నడుస్తాయి. అందుకే అవి ఎక్కువగా తమ పుప్పొడితోనే కాయ కడతాయి, తరం మారినా రకం పెద్దగా చెదరదు.

బఠాణీ స్వభావమూ ఇదే. ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బ్రున్ పట్టణంలో, మఠం తోటలో, గ్రెగర్ మెండెల్ 1856 నుంచి 1863 దాకా ప్రయోగాలు చేయడానికి బఠాణీని ఎంచుకున్నది అందుకే. మొగ్గ విప్పి, కేసరాలు పీకేసి, తాను కోరిన మొక్క పుప్పొడి అద్ది, పువ్వుకు సంచి తొడిగాడు. తండ్రి ఎవరో ఇక అనుమానం లేదు. పొడుగు మొక్కనూ పొట్టి మొక్కనూ కలిపితే మొదటి తరంలో అన్నీ పొడుగే. వాటిని తమంతట తాము కాయనిస్తే, రెండో తరంలో 1064 మొక్కలకు 787 పొడుగు, 277 పొట్టి వచ్చాయి. అంటే దాదాపు మూడుకు ఒకటి. మాయమైందనుకున్న పొట్టి గుణం ఎక్కడికీ పోలేదు, మరుగున ఉండిపోయింది. ప్రతి గుణానికీ తల్లి నుంచి ఒక కారకం, తండ్రి నుంచి ఒక కారకం వస్తాయనీ, బిడ్డకు ఇచ్చేటప్పుడు ఆ జంట విడిపోతుందనీ ఆయన తేల్చాడు. 1865లో ఆయన చదివి వినిపించగా 1866లో అచ్చయిన ఆ వ్యాసాన్ని 1900 దాకా లోకం పట్టించుకోలేదు.

కొబ్బరికి ఈ లెక్కను అన్వయించడం తేలిక కాదు. బఠాణీ ఒక్క ఏడాదిలో తరం ముగిస్తుంది. కొబ్బరి కాయ ముదరడానికే ఏడాది, నారుమడిలో దాదాపు మరో ఏడాది, దేశవాళీ అయితే కాపుకు ఆరేడేళ్లు. రెండో తరం చూడాలంటే ఉద్యోగ జీవితంలో సగం గడిచిపోతుంది. పైగా కొబ్బరి ఎత్తు, కాపు ఒక్క కారకంతో తేలేవి కావు. చిన్న చిన్న కారకాలు అనేకం కలిస్తే మూడుకు ఒకటి అన్న స్పష్టత పోయి కొలతలు మెట్లు లేకుండా వరుసగా పరచుకుంటాయని, అదీ మెండెల్ సూత్రాలకు లోబడేదేనని 1918లో గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ గణితంతో నిరూపించాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1932లో, మలబారు తీరంలోని నీలేశ్వరం కేంద్రంలో జె.ఎస్. పటేల్ పడమటి తీరపు పొడుగు చెట్టుకు చౌఘాట్ ఆకుపచ్చ పొట్టి రకం పుప్పొడి అద్ది సంకర మొక్కలు పుట్టించాడు. అవి తల్లికన్నా ముందు కాపుకొచ్చాయి, బలంగా పెరిగాయి. కొబ్బరికి తండ్రిని మనిషి ఎంచి పెట్టి, ఫలితం చూపించిన తొలి ఘట్టాల్లో ఇదొకటి.

ఆ విద్య కోనసీమలో అంబాజీపేట పరిశోధన కేంద్రంలో వేళ్లూనుకుంది. ఇక్కడి పొడుగు రకం తూర్పు తీరానిది. దానికి జోడీగా దొరికింది మన పొట్టి రకం గంగాబొండం. బొప్పాయిలా సాగిన ఆకుపచ్చ కాయ, త్వరగా కాపుకొచ్చే గుణం దాని సొత్తు. ఈ రెండింటి సంకరమే 1990ల మొదట్లో బయటికొచ్చిన గోదావరి గంగ. తర్వాత గంగాబొండంతో ఫిలిప్పీన్స్ రకాన్ని కలిపి వశిష్ఠ గంగ, వైనతేయ గంగ తెచ్చారు. ఒక్కో సంకర కాయ వెనక ఉన్న చాకిరీ తెలిస్తే దాని ధర ఎక్కువనిపించదు. మనిషి చెట్టెక్కి, విచ్చిన పూగుత్తిలో మగపూలన్నీ గిల్లేసి, సంచి కట్టి దిగుతాడు. ఆడపువ్వు కొన మీద తేనె ఊరే రోజుల్లో మళ్లీ మళ్లీ ఎక్కి ఆరబెట్టిన పుప్పొడి చల్లుతాడు. పువ్వు చిన్నదా, పూగుత్తి పెద్దదా అన్నది పక్కన పెడితే, మెండెల్ చేసిందీ ఇదే.

నారుమడిలో ఆ ఫలితం కంటికి కనిపించే సందర్భమూ ఉంది. కాసర్‌గోడ్ పరిశోధన సంస్థ ఇచ్చిన చంద్రశంకర రకానికి తల్లి నారింజ రంగు పొట్టి చెట్టు, తండ్రి పొడుగు చెట్టు. చిన్న మొక్క మట్ట గోధుమ రంగుకో ఆకుపచ్చకో తిరిగితే అది సంకరం. నారింజ రంగులోనే ఉండిపోతే తల్లి సొంత పుప్పొడితో కట్టిన కాయ, కనుక తీసిపారేస్తారు. తండ్రి రంగు తల్లి రంగును కప్పేసిందన్న మాట. మొక్కల మధ్య నడుస్తూ ఏరే పనివాళ్లు చేతిలో పుస్తకం లేకుండానే బహిర్గత గుణాన్ని పట్టుకుంటారు. తల్లి ఆకుపచ్చదైతే మాత్రం ఈ సౌకర్యం ఉండదు, ఎదుగుదల చూసే తేల్చుకోవాలి.

అయితే అన్నీ తల్లిదండ్రుల నుంచే వస్తాయనుకోనక్కర్లేదు. కొబ్బరి తల కింద నుంచి చూస్తే మట్టల వరస కొన్ని చెట్లలో ఎడమకు, కొన్నింటిలో కుడికి తిరుగుతుంది. టి.ఎ. డేవిస్ 1962లో ప్రకటించిన పరిశోధన ప్రకారం ఎడమ చెట్టుకు ఎడమ చెట్టునే కలిపినా బిడ్డల్లో రెండూ ఇంచుమించు సగం సగమే. తలపైకెత్తి చూస్తే మన తోటలోనే కనపడే తేడా ఇది, కానీ వంశానికి సంబంధించింది కాదు.

రైతుకు నేరుగా తగిలే చోటు రెండో తరం. బాగా కాసిన గోదావరి గంగ కాయలనే విత్తనంగా వేస్తే తోట అలాగే ఉంటుందని ఆశపడటం సహజం. కానీ మొదటి తరంలో కలిసి కనిపించిన గుణాలు రెండో తరంలో విడిపోతాయి. కొన్ని పొడుగు తాత వైపు, కొన్ని పొట్టి తాత వైపు, చాలావరకు మధ్యలో. పైగా చుట్టూ ఉన్న దేశవాళీ చెట్ల పుప్పొడీ కలుస్తుంది. ఇది తెలియక నాటితే తప్పు బయటపడేసరికి అయిదారేళ్లు గడిచిపోతాయి, అప్పటికి చెట్టు నరికే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకే మొక్క కొనేటప్పుడు తల్లి చెట్టు ఎలా కాసిందో అడగడంతో ఆగకూడదు. పుప్పొడి ఏ రకానిదో, పూగుత్తికి సంచి కట్టారో లేదో కూడా అడగాలి.