గ్లూకోమీటర్ స్ట్రిప్
షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లోనే రక్తంలో గ్లూకోజు కొలుచుకోవడానికి మీటరులో పెట్టే, ఒకసారికే పనికొచ్చే పలుచని పట్టీ. 1965 నాటి డెక్‌స్ట్రోస్టిక్స్ అనే పట్టీ రంగు మారి ఫలితం చూపేది. ఇప్పటి పట్టీలో ఎంజైము గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు పుట్టే కొద్దిపాటి కరెంటును మీటరు కొలిచి, డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతుంది.

హైదరాబాద్‌లోని బషీర్‌బాగ్, నారాయణగూడ, చిక్కడపల్లి మందుల షాపుల్లో ఇవి మామూలుగా దొరుకుతాయి. మీటరు ఒకసారి కొంటే చాలు, స్ట్రిప్‌లు కొంటూనే ఉండాలి; అసలు ఖర్చు అక్కడే. ఒక కంపెనీ స్ట్రిప్ సాధారణంగా ఇంకో కంపెనీ మీటరుకు పనికిరాదు. అందుకే మీటరు ధరకన్నా ముందు స్ట్రిప్ ధర అడగాలి.

రీడింగు తప్పడానికి చాలాసార్లు చేతులే కారణం. మామిడిపండు తిన్న వేలిని కడుక్కోకుండా పొడిస్తే, అంటుకున్న రసం వల్ల అంకె పెరుగుతుంది. సబ్బుతో కడిగి, బాగా ఆరాక, లాన్సెట్ అనే చిన్న సూదితో వేలి కొన పక్కగా పొడవాలి. అక్కడ నొప్పి తక్కువ. వానాకాలపు చెమ్మ స్ట్రిప్‌లకు పడదు, డబ్బా మూత వెంటనే బిగించాలి. ఐఎస్ఓ 15197 ప్రమాణం 2013 నుంచి 100, ఆపై రీడింగుల్లో 15 శాతం దాకా తేడాను అనుమతిస్తోంది. చిన్న తేడాకే కంగారుపడి మందు మోతాదు మార్చుకోకూడదు. వాడిన లాన్సెట్‌లను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టాలి. విడిగా పడేస్తే చెత్త ఎత్తే కార్మికుల చేతులకు గుచ్చుకుంటాయి.