ఫొటో కింది పేరు, ఫొటో వెనక పేరు

మొన్న పండుగకు జిద్దా నుంచి మా ఖాలా కొడుకు వచ్చాడు. నానీమా ఇంతెఖాల్ అయినప్పుడు వాడికి సెలవు దొరకలేదు. మట్టి ఇచ్చిన రోజు సాయంత్రం నేను ఈమెయిల్‌లో పంపిన ఫొటో ఒక్కటే వాడి దగ్గరుంది. ఎవరికీ తకలీఫ్ ఎందుకని ఒక్కడే ఆటో ఎక్కాడు. ఫోన్‌లో ఆ ఫొటో కింద 'సైదాబాద్' అని ఉంది. సైదాబాద్‌లో ఖబ్రస్తాన్ ఎక్కడని అడుక్కుంటూ వెళ్లి, గంటసేపు ఖబ్ర్‌ల మధ్య తిరిగి, చివరికి నాకు ఫోన్ చేశాడు.

"భాయిజాన్, నానీమా ఖబ్ర్ కనిపించడం లేదు. ఎవరైనా తీసేశారా?"

నానీమా ఉన్నది చంచల్‌గూడ వైపు. పక్క పక్క మొహల్లాలే. కానీ వెతికేవాడికి పక్క మొహల్లా అయినా పరాయి దేశమే.

ఫోన్ అబద్ధం చెప్పిందా అని ఆ రాత్రి కూర్చుని చూశాను. ఫోన్ ఫొటోలో దాచేది సాధారణంగా ఊరి పేరు కాదు, అంకెలు. అక్షాంశం ఎంత, రేఖాంశం ఎంత, అంతే. చార్మినార్ అయితే 17.3616, 78.4747. ఈ వివరాలన్నీ ఫొటోలోనే దాచే పద్ధతిని ఎగ్జిఫ్ అంటారు. 1995లో జపాన్‌లో పుట్టింది. మనం ఫొటో తెరిచినప్పుడు ఫోన్ ఆ అంకెలను ఎక్కడో ఉన్న పేర్ల జాబితాతో పోల్చి, దగ్గరగా తోచిన పేరు తెచ్చి కింద పెడుతుంది. అంటే తప్పు రెండు చోట్ల దూరవచ్చు, అంకెల్లో ఒకటి, పేరులో ఒకటి.

ముందు అంకెల సంగతి. 2000 మే దాకా అమెరికా వాళ్లు జీపీఎస్ సిగ్నల్‌ను కావాలనే చెడగొట్టి మామూలు జనానికి ఇచ్చేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ అడ్డు తీసేశాక గురి బాగా పెరిగింది. అయినా పాత షహర్ గల్లీల్లో సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది. ఆటో దిగీ దిగగానే ఫొటో తీస్తే కొన్నిసార్లు ఫోన్ వెనకటి చోటునే రాసుకుంటుంది. చార్మినార్ అంకెల్లో చివరి రెండూ కొట్టేసి 17.36, 78.47 అని రాస్తే చార్మినార్ దాదాపు అర కిలోమీటరు పడమరకు, లాడ్ బజార్ వైపు జరిగిపోతుంది.

మా ఫొటోలో మాత్రం అంకెలు సరిగ్గానే ఉన్నాయి. పేరే తప్పు.

ఎందుకంటే మన మొహల్లాలకు గీత గీసిన సరిహద్దులు లేవు. ఒక మస్జిద్, ఒక దేవ్‌డీ, ఒక బావోలీ, ఒక కమాన్, వాటి చుట్టూ అల్లుకున్న బస్తీ, అదే మొహల్లా. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అక్కడ పుట్టినవాళ్లకే తెలుసు. జాబితాలో మాత్రం మొహల్లా అంటే చాలాసార్లు ఒక చుక్క. ఏ చుక్క దగ్గరైతే ఆ పేరు.

1908 సెప్టెంబర్ 28న మూసీ తుగ్యానీలో షహర్‌లో చాలా ఇళ్లు కొట్టుకుపోయాక, లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో హైదరాబాద్‌ను గల్లీ గల్లీ కొలిచి పటాలు గీశారు. నీళ్లు తీసుకుపోయిన ఊరికి మళ్లీ లెక్క రాయడానికి మనుషులు కాలినడకన తిరిగారు. ఇప్పటి జాబితాకు అంత ఓపిక ఎక్కడిది?

పేర్లు చెడడం ఫోన్‌తో మొదలైన ముసీబత్ కూడా కాదు. బందరు వాళ్లు బందరు అన్నారు. ఫార్సీలో ఆ మాటకు అర్థం రేవు. తెల్లవాళ్లు తమ కాగితాల్లో మసూలిపటం అని రాసుకున్నారు. మూసీ మీద 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా వంతెన కట్టినప్పుడు దాన్ని పురానాపుల్ అని ఎవరూ అని ఉండరు. నయాపుల్ వచ్చాకే అది పురానా అయింది. మాసాబ్ ట్యాంక్ అయితే మరీ అన్యాయం. అది మా సాహెబా తాలాబ్. ఆ మా సాహెబా హయాత్ బక్షీ బేగం అని ఎక్కువ మంది చెబుతారు. ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షా బిడ్డ, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. హయాత్‌నగర్ కూడా ఆమె పేరే. నాలుకల మీద అరిగి అరిగి మా సాహెబా 'మాసాబ్' అయింది, తాలాబ్ 'ట్యాంక్' అయింది. ఇప్పుడక్కడ తాలాబూ లేదు, పేరులో ఆ తల్లీ కనిపించదు.

ఇది చదివాక నానీమా పెట్టెలోని పాత ఫొటో ఒకటి గుర్తొచ్చింది. నానా, నానీమా నీళ్ల ఒడ్డున నిలబడ్డారు. వెనక నానా పెన్సిల్‌తో ఉర్దూలో రాశారు: మా సాహెబా తాలాబ్. మా ఖాలా ఒకసారి ఆ ఫొటోను తీసుకెళ్లి జిద్దాలో తన ఫోన్‌తో కాపీ తీసి అందరికీ మెయిల్ చేసింది. ఇప్పుడు ఆ కాపీ మీద చోటు జిద్దా, తారీఖు కాపీ తీసిన రోజుది. వెనక రాసిన అక్షరాలు కాపీలోకి రాలేదు. రేపు మా పిల్లలు చూసి నానా నానీమా జిద్దా సముద్రం ఒడ్డున దిగారనుకుంటే తప్పు వాళ్లది కాదు.

అందుకే నాది ఒక గుజారిష్. పాత ఫొటో కాపీ తీసేటప్పుడు వెనక వైపు కూడా తీయండి. కొత్త ఫొటోలకు ఫోన్ ఇచ్చిన పేరును ఒకసారి చూసి, తప్పైతే దిద్దండి. మొహల్లా, దగ్గరున్న మస్జిద్, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఈ మూడూ మీ చేత్తో రాయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే లోపలి అంకెలు రాలిపోతాయి, అసలు ఫైలు ఇంట్లో ఒక చోట దాచండి. పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడగండి. వాళ్లు పోయాక అడగడానికి జాబితాలే మిగులుతాయి.

మరునాడు నేనే మా ఖాలా కొడుకును వెంట తీసుకెళ్లాను. వాడు ఖబ్ర్ పక్కన చాలాసేపు కూర్చున్నాడు. లేచాక కొత్తగా ఒక ఫొటో తీశాడు. ఫోన్ మళ్లీ సైదాబాద్ అనే అంది. నేను దాన్ని చెరిపేసి రాశాను: చంచల్‌గూడ, గేటు నుంచి ఎడమ చేతి వైపు మూడో వరుస, వేపచెట్టు కింద, మా నానీమా.