మేధోవైకల్యం – కళల ద్వారా తోడ్పాటు

నేర్చుకోవడంలోనూ, దైనందిన వ్యవహారాలను నిర్వహించుకోవడంలోనూ బాల్యం నుంచే గణనీయమైన పరిమితులు ఉండే స్థితిని మేధోవైకల్యం అంటారు. అటువంటివారికి సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, నాటకం ద్వారా అందించే తోడ్పాటు ప్రత్యేక విద్యలో ఒక భాగం. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఇబ్బంది కలిగించే నిర్దిష్ట అభ్యసన వైకల్యం దీనికి భిన్నమైనదే అయినా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండింటినీ తన 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. సాంస్కృతిక జీవితానికి సంబంధించిన 29వ సెక్షన్, కళల పాఠ్యక్రమాలను దివ్యాంగులకు అనువుగా మలచడాన్ని ప్రభుత్వాల బాధ్యతల్లో చేర్చింది.

తెలుగునాట మేధోవైకల్య రంగంలో ప్రధాన కేంద్రం, సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ; ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం దాని ముఖ్య విధుల్లో ఒకటి.

బోధనకు ఆధారం కార్య విశ్లేషణ, అనగా ఒక పనిని చిన్న చిన్న అంచెలుగా విడదీసి, ఒక్కొక్కటి పట్టుబడ్డాక వాటిని కలపడం. కోలాటం దీనికి చక్కగా ఒదుగుతుంది: కర్ర పట్టు, అడుగు, తాళం, జోడీతో దెబ్బ కలపడం విడివిడిగా నేర్పితే, మాటలతో చెప్పిన సూచనను అందుకోవడం కష్టమైనవారు సైతం లయను బట్టి తమ వంతును గుర్తుపట్టే వీలుంటుంది. వార్షికోత్సవం కోసం హడావిడిగా నేర్పిన నృత్యం చప్పట్లు తేగలదేమో గాని, ఈ క్రమసాధనకు సాటిరాదు.

తెలుగు సినిమా మేధోవైకల్యాన్ని కథావస్తువుగానే ఎక్కువగా చూసింది; కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1986లో వచ్చిన ‘స్వాతిముత్యం’లో మేధోవైకల్యం ఉన్న కథానాయకుడి పాత్రను కమల్ హాసన్ పోషించారు.