భద్రాద్రి విద్యుత్కేంద్రము: వాదములు, వ్యయములు

పాల్వంచ మొదలు మణుగూరు వఱకు వ్యాపించిన అడవి సీమకు బొగ్గుతోడి సంబంధము నిన్న మొన్నటిది కాదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతమున బొగ్గు నిక్షేపములను కనుగొనెను. 1889లో త్రవ్వకము ప్రారంభమయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడెను. బొగ్గు దొరకు తావుననే కరెంటు పుట్టించినచో రైలు కిరాయి కలిసివచ్చును. ఈ లెక్క ననుసరించియే 1966–67లలో పాల్వంచలో 60 మెగావాట్ల యంత్రములు నాలుగు తిరుగ నారంభించినవి. కాలక్రమమున కిన్నెరసాని జలాశయము వానికి నీటి యాధారమయ్యెను. ఊరు పాల్వంచయే యైనను పేరు మాత్రము కొత్తగూడెమునకు దక్కినది. తీగెలు దూరపు పట్టణముల వైపు సాగిపోయినవి గాని, చెంతనున్న కోయ గూడెములకు దీపము చేరుటకు మఱి చాల యేండ్లు పట్టెను.

ఇట్టి సీమలో విద్యుత్కేంద్ర మనగా నెవరికిని వింత లేదు. 2014 తరువాత మణుగూరు చెంత పుట్టిన వివాదమున అడుగబడిన ప్రశ్నలు వేఱు: ఏ తరగతి యంత్రము, ఎంత వెలకు, ఎవరి భూమిలో, ఎందులకింత తొందరగా?

తొందరకు కారణము లేకపోలేదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడు నాటికి విద్యుత్తు కొఱత తీవ్రముగ నుండెను. అంతకు ముందు కొన్ని యేండ్లనుండియు పరిశ్రమలకు కరెంటు సెలవులు అలవాటైనవి. మోటారు ఏ రాత్రి ఏ వేళకు తిరుగునో తెలియక రైతులు బావులవద్ద పడిగాపులు పడిరి. ఆ యేడే ఈ సీమకు మఱియొక నష్టము కలిగెను. పోలవరము ముంపు కారణముగ ఖమ్మము జిల్లా నుండి ఏడు మండలములు ఆంధ్రప్రదేశమునకు చేరగా, వానితోపాటు 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రమును పోయెను. 1959లో తూర్పు గోదావరినుండి వచ్చి ఖమ్మమున కలిసిన భద్రాచలము తాలూకాలో రామాలయమున్న పట్టణము ఇటు మిగిలెను, పల్లెలు పెక్కు అటు పోయినవి. నీటి కరెంటు చేజారెను, బొగ్గు మిగిలెను.

2014 అక్టోబరులో రాష్ట్ర విద్యుదుత్పాదన సంస్థయగు జెన్‌కో, కేంద్రప్రభుత్వ సంస్థయగు భారత్ హెవీ ఎలక్ట్రికల్స్‌తో ఒడంబడిక చేసికొనెను. టెండర్లు పిలువలేదు. ప్రభుత్వ సంస్థకు నేరుగ పని యిచ్చుటలో దోషము లేదని నాటి ప్రభుత్వము చెప్పెను. 270 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లు, వెరసి 1080 మెగావాట్లు; అంచనా వ్యయము 7,290 కోట్ల రూపాయలు; గడువు రెండేండ్లు. 2015 మార్చిలో శంకుస్థాపన జరిగెను.

స్థలము మణుగూరు, పినపాక మండలములలోనిది. రామానుజవరము, ఉప్పాక, ఎద్దులబయ్యారము, సీతారాంపురము మున్నగు గ్రామముల భూములు వేయి యెకరములకు పైగా కావలసివచ్చెను. ఇది ఏజన్సీ ప్రాంతము. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోరాదని 1959 నాటి ఒకటవ రెగ్యులేషను, దానికి 1970లో వచ్చిన సవరణ శాసించుచున్నవి. అట్టి చోట ప్రభుత్వమే భూమి తీసికొనవలసి వచ్చినపుడు నష్టపరిహారపు లెక్క చిక్కులతో కూడుకొనును. పట్టా గలవానికి చెక్కు వచ్చును. కాగితము లేక తరతరములుగ దున్నుకొనువాడు, తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి బ్రతుకువాడు ఏ చిట్టాలో నెక్కును? భూమి పోయిన యింటికొక ఉద్యోగము కావలెనను కోరిక అందుచేతనే బలముగ వినబడెను. డబ్బు ఖర్చైపోవును, జీతము నెలనెల వచ్చునని పల్లెవాండ్ర తలంపు. అది తెలివిలేని తలంపని చెప్పజాలము.

వాదములలో నెల్ల పదునైనది యంత్రమును గూర్చినది. నీటిని కాచి ఆవిరిచేసి, ఆ యావిరితో చక్రము త్రిప్పుట బొగ్గు కేంద్రములన్నిటికిని సమానమే. ఆవిరి పీడనము సాధారణ వాయుపీడనమునకు సుమారు 220 రెట్లకు లోపల నున్నచో ఆ విధానమును సబ్ క్రిటికల్ అందురు. అంతకు మించినచో సూపర్ క్రిటికల్. రెండవదానిలో యూనిట్టు కరెంటుకు కాలు బొగ్గు నూటికి సుమారు ఐదు పాళ్లు తగ్గును. మూత లేని కుండలో వండుటకును, బిగించిన కుక్కరులో వండుటకును కట్టెల ఖర్చులో నుండు తేడావంటిదే యిది. ఏటికి లక్షల టన్నులు కాల్చు కేంద్రమున ఐదు పాళ్లన్నను చిన్న మాట కాదు. బూడిదయు పొగయు ఆ మేరకే పెరుగును. 2017 తరువాతి ప్రణాళికనుండి పాత విధానము వలదని కేంద్రప్రభుత్వ విధానము. మఱి మణుగూరునకు పాతదే యేల? ఆ యంత్రములు సిద్ధముగ నున్నవి, క్రొత్తవి తయారగుటకు కాలము పట్టునని సమాధానము. వేఱొక ప్రైవేటు సంస్థకొఱకు చేయబడి నిలిచిపోయిన సరకును అంటగట్టిరని ఆక్షేపకుల మాట.

పర్యావరణ అనుమతి రాకమునుపే పనులు మొదలైనవని మానవ హక్కుల వేదిక చెన్నైలోని జాతీయ హరిత న్యాయస్థానమును ఆశ్రయించెను. 2015 చివర పనులు నిలుపవలసినదని ఆ న్యాయస్థాన మాదేశించెను. ప్రజాభిప్రాయ సేకరణ ముగిసి, అనుమతి చేతికి వచ్చునప్పటికి 2017 మార్చి వచ్చెను. అనగా కరెంటు రావలసిన రెండేండ్లు అనుమతికే చెల్లిపోయినవి. మొదటి యూనిట్టు 2020 జూన్‌లో, రెండవది అదే డిసెంబరులో, మూడవది 2021 మార్చిలో, నాలుగవది 2022 జనవరిలో ఉత్పత్తికి వచ్చినవి.

ఇచట పాల్వంచను మరల తలచుకొనవలెను. అచటి యేడవ దశయగు 800 మెగావాట్ల యూనిట్టు పనులును 2015లోనే మొదలైనవి. అది సూపర్ క్రిటికల్. తయారీదారు అదే భారత్ హెవీ ఎలక్ట్రికల్స్. అది 2018 డిసెంబరులోనే నడకకు వచ్చెను. పాల్వంచలో పాత కేంద్రపు స్థలము, వసతులు ముందే కలవు. వ్యాజ్యపు ఆటంకము లేదు. కావున ఈ పోలిక పూర్తిగ న్యాయమైనదని చెప్పరాదు. ఐనను, కాలము కలిసివచ్చునని పాత తరగతిని ఎన్నుకొన్న చోట కాలమే కలిసిరాలేదు. ఆ నష్టము ఇరువది ఐదేండ్లపాటు బొగ్గు ఖాతాలో వ్రాయబడుచుండును.

కాలము సాగినకొలది ఋణముపై వడ్డీయు సాగును. 7,290 కోట్ల అంచనా పదివేల కోట్లను దాటెను. ఇంత సొమ్ము జెన్‌కో తన పెట్టెలోనుండి తీయదు. విద్యుత్ నియంత్రణ మండలి ఒప్పుకొన్నంత మేరకు అది స్థిర వ్యయమను పేర కరెంటు ధరలో చేరి, తుదకు వాడుకరి బిల్లులోనో, ప్రభుత్వ రాయితీలోనో తేలును. రాయితీయు ప్రజల పన్నే. 1960 నాటి చట్టముననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయమునకు చేరును. ఆ పైసలతో ఏ పుస్తకములు కొనిరని పాఠకుడు అడుగును, అడుగవలెను కూడ. కోట్ల లెక్క మాత్రము అంత సులభముగ చేతికి దొరకదు.

2023 డిసెంబరులో ప్రభుత్వము మారిన పిదప విద్యుత్ రంగముపై శాసనసభలో శ్వేతపత్రము వెలువడెను. 2024 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి అధ్యక్షతన విచారణ సంఘము నియమింపబడెను. మణుగూరు కేంద్రముతోపాటు యాదాద్రి కేంద్రము, ఛత్తీస్‌గఢ్ నుండి కరెంటు కొనుగోలు దాని విచారణలో చేరినవి. నిర్ణయములన్నియు నియంత్రణ మండళ్ల యెదుటికి వచ్చినవేయని, విచారణకు ముందే అభిప్రాయము వెలిబుచ్చబడెనని మాజీ ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు అభ్యంతరము తెలిపి న్యాయస్థానములకు వెళ్లెను. ఉన్నత న్యాయస్థానము కొట్టివేయగా, జూలైలో సర్వోన్నత న్యాయస్థానము అధ్యక్షుని మార్పునకు అవకాశ మిచ్చెను. జస్టిస్ మదన్ బి. లోకూర్ ఆ స్థానమునకు వచ్చి, అక్టోబరులో నివేదికను సమర్పించెను.

ఈ నడుమనే పాల్వంచ పాత యూనిట్లు, మొత్తము 720 మెగావాట్లవి, 2020 మార్చి నాటికి మూతపడినవి. 2024 ఆగస్టులో వాని శీతలీకరణ గోపురములు ఎనిమిదింటిని ప్రేలుడు పదార్థములతో నేలకూల్చిరి. మణుగూరు యూనిట్లు నడచుచున్నవి.