తారల కట్టు, నేతన్న మగ్గం

సినిమా తారల వేషధారణను జనం అనుకరించడం కొత్త సంగతి కాదు. అయితే ఆ అనుకరణలలో అత్యధికం ఒక్క పండుగతో ముగిసిపోతాయి. కొందరి కట్టుబొట్టు మాత్రం వారు కన్నుమూసిన దశాబ్దాల తరువాత కూడా వస్త్ర రూపకర్తలను తన వైపు త్రిప్పుకొంటూనే ఉంటుంది. ఈ భేదానికి కారణం తార అందంలో కన్నా, ఆమె ధరించిన వస్త్రం వెనుకనున్న నేతలోనే ఎక్కువగా కనబడుతుంది. పావగడ తాలూకాలోని రాయచెర్లు వంటి గ్రామాలకు ఒక వైపు ధర్మవరం, మరొక వైపు మొలకాల్మూరు పట్టు మగ్గాలున్నవి. కనుక ఇది ఇక్కడి కుటుంబాలకు కేవలం వినోద విశేషం కాదు. పెళ్లి చీర ధరకూ, నేతగాని కూలికీ సంబంధించిన విషయం.

తెలుగువారిలో ఇందుకు ప్రబల నిదర్శనం సావిత్రి. ఆమె 1981 డిసెంబరు 26న మరణించారు. ముప్పై ఆరేళ్లు గడిచిన పిమ్మట, 2018 మే 9న, నాగ్ అశ్విన్ దర్శకత్వంలో ఆమె జీవితకథ ‘మహానటి’గా విడుదలైనది. సావిత్రి పాత్రలో కీర్తి సురేశ్ కట్టిన చీరలను రూపొందించే బాధ్యత హైదరాబాదుకు చెందిన గౌరాంగ్ షా స్వీకరించారు. చేనేతనే నమ్ముకొన్న రూపకర్తగా ఆయనకు అప్పటికే పేరున్నది.

ఈ పనిలోని అసలు చిక్కు సామాన్య ప్రేక్షకుని ఊహకు అందదు. ‘దేవదాసు’ (1953), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) – సావిత్రి కీర్తికి మూలమైన ఈ చిత్రాలన్నీ నలుపు తెలుపులలో తీసినవే. వాటిని చూచి చీర అంచు వెడల్పు ఎంతో, రవిక చేయి ఎంతవరకు వచ్చినదో, కుచ్చిళ్లు ఎలా జారినవో తెలుసుకోవచ్చు. రంగు మాత్రం తెలియదు. తెరపై బూడిద వర్ణంలో కనబడే చీర ఎరుపు కావచ్చు, ఆకుపచ్చ కావచ్చు. 2010లో ‘మాయాబజార్’ రంగులలో విడుదలైనదన్న మాట నిజమే. కాని ఆ రంగులు నేటి సాంకేతిక నిపుణులు అద్దినవి, నాటి అద్దకపువాడు అద్దినవి కావు. అటువంటప్పుడు మిగిలే నమ్మకమైన సాక్ష్యం ఆ కాలపు పాత చీరలే. అమ్మమ్మల పెట్టెలలో మడత విప్పకుండా ఉన్న పట్టుచీర ఆ విధంగా ఒక చరిత్రపత్రం అవుతుంది.

పాత చీరను చూచి అర్థం చేసుకొన్నంత మాత్రాన పని పూర్తి కాదు. తిరిగి నేయగల చేయి కావాలి. గౌరాంగ్ షా ప్రత్యేకంగా పోషించిన జాందానీ విధానంలో బుటా కోసం యంత్రసాధనమేదీ ఉండదు. పేక నడుమ అదనపు దారాన్ని బుటా బుటాకూ చేతితో చొప్పించవలసినదే. ఆంధ్రలో ఉప్పాడ ఈ నేతకు ప్రసిద్ధి. ఈ పనితనం పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఒక తరం మగ్గం దిగితే దానితోపాటు అదీ దిగిపోతుంది.

2019లో ప్రకటించిన 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ‘మహానటి’ దుస్తుల రూపకల్పనకు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావులకు సంయుక్తంగా బహుమతి లభించినది. నేతగాండ్ర పేర్లకు అటువంటి పట్టికలలో చోటుండదు. విదేశాలలోనూ ఇంతకన్న మెరుగేమీ లేదు. 1954 నాటి ‘సబ్రీనా’లో ఆడ్రీ హెప్బర్న్ ధరించిన ముఖ్యమైన దుస్తులు ఫ్రెంచి రూపకర్త జివాంషీవి, ఆస్కార్ మాత్రం ఎడిత్ హెడ్‌కు దక్కినది. అయినా ఆ నటికీ జివాంషీకీ మధ్య మొదలైన అనుబంధం జీవితాంతం నిలిచి, నేటికీ రూపకర్తలకు పాఠంగా ఉన్నది.

సంగీతలోకంలో ఒక మంచి మినహాయింపు కనబడుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానాన్ని సుప్రభాతం ద్వారా ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆమె కట్టిన ఒకానొక నీలి రంగు పట్టుచీరకు ‘ఎమ్మెస్ బ్లూ’ అనే పేరే స్థిరపడినది. ఆ రంగును ఆమె కోసం సిద్ధం చేసినవారు కాంచీపురం నేతగాడు ముత్తు చెట్టియార్. ఇక్కడ గాయని పేరుతోపాటు నేతగాని పేరు కూడా నిలిచినది. 2024 సెప్టెంబరులో ఆమె 108వ జయంతి సందర్భాన నటి విద్యా బాలన్, రూపకర్త అను పార్థసారథి కలిసి ఆ చీరలను, రెండు ముక్కుపుడకలను, మల్లెలను ఛాయాచిత్రాలలో పునఃసృష్టించారు.

‘ప్రేమ్‌నగర్’ (1971) కాలపు వాణిశ్రీ కొప్పు, అదే యేట ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ కౌబాయ్ వేషం కూడా జనాన్ని ఊపివేసినవే. వాటి ముచ్చట వేరు. వాటికి మగ్గంతో పని లేదు.

తార చీరకు గిరాకీ పెరిగినప్పుడు లాభం ఎవరికి అన్నదే సరిహద్దు నేతగాండ్రకు ప్రాణప్రశ్న. చేమగ్గంపై ఒక పట్టుచీర దిగడానికి రోజులు పడుతుంది. ఆలోగానే మరమగ్గంపై దాని నకలు తయారై అంగడికి వస్తుంది. దీనిని అరికట్టడానికే 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం వచ్చినది. తొలుత 22 రకాలను చేమగ్గాలకు ప్రత్యేకించి, తరువాత వాటిని 11కు కుదించారు. చట్టం ఉన్నా నకళ్లు ఆగలేదన్నది ధర్మవరం నేతగాండ్ర చిరకాల ఆవేదన.

కొనుగోలుదారులకు రెండు గుర్తులు ఉపకరిస్తాయి. 2004లో ప్రవేశపెట్టిన సిల్క్ మార్క్ పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే చెబుతుంది. 2006 నాటి హ్యాండ్‌లూమ్ మార్క్ చేతినేత అని చెబుతుంది. అంచు దారమొకటి కాల్చి చూచే ఇంటి పరీక్షలో పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వ్రేళ్ల మధ్య నలుగుతుంది, పాలిస్టరయితే కరిగి గట్టిపడుతుంది. మరమగ్గంపై నేసిన అసలు పట్టు కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది కనుక, పెళ్లి చీర కొనేవారు రెండవ గుర్తును అడిగి చూడవలసి ఉంటుంది.