చీకటిలో ఆగిన ప్రారంభోత్సవము: బిబిసి 2, 1964

లండనులో బిబిసి వారి రెండవ టెలివిజన్ చానెల్ 1964 ఏప్రిల్ 20వ తేదీ సాయంకాలము 7 గంటల 20 నిమిషములకు ప్రారంభము కావలసియుండెను. సంగీత నాటకము, హాస్యము, బాణసంచా అన్నియు సిద్ధమయ్యెను. ఇంతలో బ్యాటర్సీ విద్యుత్కేంద్రమున అగ్నిప్రమాదము సంభవించెను. పశ్చిమ లండనులో అధికభాగము చీకటిలో మునిగెను. టెలివిజన్ సెంటర్ స్టూడియోలకును కరెంటు పోయెను.

ఉత్తర లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెస్ వార్తల స్టూడియోకు మాత్రము కరెంటు ఉండెను. అచ్చటినుండి జెరాల్డ్ ప్రీస్ట్‌లాండ్ వార్తలు చదివి, ప్రేక్షకులను క్షమాపణ కోరెను. ప్రారంభోత్సవము మరునాటికి వాయిదాపడెను.

మరునాడు ఉదయము 11 గంటలకు పిల్లల కార్యక్రమము ‘ప్లే స్కూల్’ అనుకున్న వేళకే ప్రసారమయ్యెను. ఆ సాయంకాలము డెనిస్ టూహీ తెరపై కొవ్వొత్తిని ఊది ఆర్పెను. గతరాత్రి చీకటిపై అది చమత్కారము.

ఆ రాత్రి టేపు పోయినదనియే చాలాకాలము తలచిరి. దశాబ్దముల తరువాత అది దొరికెను. అందు కనబడునది వార్తల స్టూడియో మాత్రమే. చీకటి పడిన భవనములో ఏమి జరిగెనో సిబ్బంది మాటలవలననే తెలియవలెను. ఆనాడు ఆ చానెల్ గుర్తు కంగారూ. ఉత్సవమునకై తెచ్చిన నిజమైన కంగారూ లిఫ్టులో చిక్కుకొన్నదని వారు చెప్పుచు వచ్చిరి.

యంత్రము ఆగినచోట మనుష్యుని జ్ఞాపకమే సాక్ష్యమని మేము తలచుచున్నాము. మీ పెద్దలు ఏ పని చేసినవారైనను, వారి మాటలను ఇప్పుడే వ్రాసియుంచుడు.